కమంబేర్ పేరు ఎవరిది? పచ్చిపాల నియమం ఉండాలా, సడలించాలా?

నార్మండీ వాసి:

ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో, కాన్ పట్టణంలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ ఏ దుకాణానికి వెళ్లినా ఒకే ఆకారంలో, ఒకేలాంటి పల్చటి చెక్క డబ్బాల్లో రెండు రకాల కమంబేర్ చీజ్ కనిపిస్తుంది. ఒక డబ్బా మీద ‘కమంబేర్ ద నార్మండీ’ అని, పక్కనే ఏఓపీ ముద్ర ఉంటాయి. రెండో దాని మీద ఉత్త ‘కమంబేర్’ అనే ఉంటుంది. ఈ తేడా కోసం ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. మన తెలుగువాళ్లు ఏమంటారో వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివారి కోసం నేపథ్యం చెబుతాను. ఫలానా ప్రాంతంలో ఫలానా పద్ధతిలో చేసిన సరుకుకే ఆ ప్రాంతం పేరు దక్కాలని చెప్పే ఫ్రెంచి చట్టపు ముద్ర ఏఓసీ. ఐరోపా స్థాయిలో అదే ఏఓపీ. కమంబేర్ ద నార్మండీకి 1983లో ఏఓసీ వచ్చింది. నియమాల ప్రకారం పాలు కాచకూడదు. పాలగడ్డను గరిటెతో అచ్చుల్లో నింపాలి. ఇప్పుడు పాలలో కనీసం సగం నార్మండ్ జాతి ఆవులవి కావాలి, ఆ ఆవులు ఏడాదిలో ఆరు నెలలైనా పచ్చికలో మేయాలి. అయితే ‘కమంబేర్’ అన్న ఒంటి పేరు అందరిదీ అని 1926లోనే కోర్టు తేల్చేసింది. అందుకని ఫ్యాక్టరీలు కాచిన పాలతో చీజ్ చేసి, డబ్బా మీద ‘నార్మండీలో తయారైనది’ అని వేసుకుంటూ వచ్చాయి. కొనేవాడికి రెండూ ఒకటేలా కనిపించేవి.

2007లో ఏఓసీ కమంబేర్‌లో అత్యధిక భాగం చేసే రెండు పెద్ద సంస్థలు పచ్చిపాల నియమాన్ని సడలించాలని అడిగాయి. కుదరలేదు. 2018లో ఒక రాజీ కుదిరింది. కాచిన పాల చీజ్‌నూ ఏఓపీలోకి తీసుకుని, పచ్చిపాల దానికి ‘అసలైన’ అన్న మాట అదనంగా ఇవ్వాలన్నది ఆ ఒప్పందం. 2020లో ఉత్పత్తిదారులే ఓటు వేసి దాన్ని తోసిపుచ్చారు. అదే ఏడాది చివరికల్లా ‘నార్మండీలో తయారైనది’ అన్న మాట డబ్బాల మీంచి తీసేయాలని ప్రభుత్వ తనిఖీ విభాగం చెప్పింది.

ఆ ఓటు సరైనదేనని నా అభిప్రాయం. రెండేళ్ల కిందట ఒక పల్లెలో చీజ్ చేసే పాక చూడటానికి వెళ్లాను. గది వెచ్చగా, తేమగా ఉంది. తోడుకున్న పాలు తొట్టెలో మెత్తటి జున్నులా వణుకుతున్నాయి. ఒకామె గుండ్రటి గరిటెతో గడ్డ చెదరకుండా తీసి, వరసగా పేర్చిన అచ్చుల్లోకి జారవిడుస్తూ వెళ్లింది. ఒక్కో అచ్చుకు ఒక్క గరిటె. వరస పూర్తయ్యాక ఆగింది. నీరు కిందికి ఓడి, గడ్డ దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. మళ్లీ మొదటి అచ్చు దగ్గరికి వచ్చి రెండో గరిటె వేసింది. ఇలా ఐదుసార్లు. 250 గ్రాముల చీజ్ ముక్క కోసం రెండు లీటర్లకు పైగా పాలు, పూటంతా ఒక మనిషి ఓపిక. ఆ పొరల వల్లనే లోపలి గుజ్జు అంత మెత్తగా వస్తుందని ఆమె చెప్పింది. ఆ పని చేయనివాళ్లకు అదే పేరు ఎందుకివ్వాలి?

గోదావరి గట్టు:

మీ ప్రేమ అర్థమైంది. కానీ ‘సంప్రదాయం’ అంటున్నది ఏ సంవత్సరపు సంప్రదాయం?

కమంబేర్‌ను 1791లో మరీ హరెల్ అనే ఆమె కనిపెట్టిందని కథ. విముతియే ఊళ్లో ఆమె విగ్రహం వెలిసింది మాత్రం 1928లో, అదీ ఒక అమెరికా వైద్యుడు వచ్చి పట్టుబట్టాక. మీరు చెప్పిన చెక్క డబ్బా 1890 నాటిది. దూరప్రాంతాలకు రైళ్లలో పంపడానికి అది వచ్చింది. పైన కనిపించే తెల్లటి నూగు కూడా పాతది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో కమంబేర్ పైపొర నీలం, బూడిద రంగుల్లో ఉండేది. తెల్లటి బూజును ఎంచి వాడటం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు రేషన్‌గా పంపడంతో అది దేశమంతటి చీజ్ అయింది. రైలు, డబ్బా, ప్రయోగశాల, యుద్ధం కలిసి చేసిన సరుకు ఇది. ఇన్ని మార్పులను ఒప్పుకున్నవాళ్లు పాలు కాచడం దగ్గరే గీత గీయడానికి కారణమేమిటి?

పాలకేంద్రం:

నేను డెయిరీ రంగంలో పనిచేసినవాణ్ని. రెండు వైపులా న్యాయం ఉంది.

పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచితే ప్రమాదకరమైన సూక్ష్మజీవులు చస్తాయి. వాటితోపాటు ఆ పొలం, ఆ పశువుల శాల నుంచి వచ్చిన మంచి బాక్టీరియా కూడా చాలావరకు పోతుంది. తర్వాత ఫ్యాక్టరీలో కొన్ని ఎంపిక చేసిన సూక్ష్మజీవుల కల్చర్లను కలుపుతారు. పచ్చిపాల రుచిలో కనిపించే వైవిధ్యానికి మూలం ఆ పోయిన జీవులే. కాబట్టి పాలు కాచడాన్ని, డబ్బా మార్చడాన్ని ఒకే గాటన కట్టడం సరికాదు, గోదావరి గట్టు గారూ. అది చీజ్ లోపలి ప్రాణాన్నే మారుస్తుంది.

అయినా పచ్చిపాల చీజ్ అంటే తేలిగ్గా తీసుకోకూడదు. మన ఇళ్లలో పాలు కాచకుండా తాగరు, దానికి కారణం ఉంది. గర్భిణులు పచ్చిపాల మెత్తటి చీజ్ తినవద్దని ఫ్రాన్స్‌లోనూ చెబుతారు. లిస్టీరియా అనే ప్రమాదకర బాక్టీరియా భయం నిజమైనది. ప్రతి విడత పాలనూ పరీక్షించాలి. పెద్ద సంస్థకు ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఇరవై, ముప్పై ఆవులున్న రైతుకు ఒక్క విడత పారబోయాల్సి వచ్చినా నెల సంపాదన పోయినట్టే. పచ్చిపాల నియమం నిలవాలంటే ఆ పరీక్షల భారం చిన్నవాడి నెత్తిన ఒంటరిగా పడకూడదు.

తులసికోట:

ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది. మేం మాంసాహారం ముట్టం. సంప్రదాయ పద్ధతిలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. నా స్నేహితురాలు తూలూజ్‌లో చదువుకునే రోజుల్లో ఈ సంగతి తెలియక ఏడాదిపాటు తిని, తెలిశాక బాధపడింది. ఫ్యాక్టరీ చీజ్‌లలో కొన్నింట సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది. మాలాంటివాళ్లకు అదే దిక్కు. దాన్ని నకిలీ అని తీసిపారేస్తే మనసు నొచ్చుకుంటుంది.

నార్మండీ వాసి:

తులసికోట గారూ, నకిలీ అని నేను అనలేదు, అనను కూడా. కాచిన పాల చీజ్ మంచిదే, చవకైనది, ఎందరో ఇష్టంగా తింటారు. దానికి ‘కమంబేర్’ అన్న పేరు ఉండనే ఉంది. నా అభ్యంతరం నార్మండీ పేరు కూడా దానికే కావాలనడం దగ్గర. అలా ఇస్తే ఆ పేరు నేతిబీరలో నేతి చందమవుతుంది.

ద్రాక్షతోట:

బోన్ పట్టణంలో వైన్ వ్యాపారంలో ఉన్నాను. ఈ వాదనలో వైన్ చరిత్రను తీసుకురాకుండా ఉండలేను, ఏఓసీ పుట్టిందే ద్రాక్షతోటల్లో.

నియమాలు తప్పుచేసిన కథ ముందు చెబుతాను. 1395లో బుర్గుండీ ప్రభువు ఫిలిప్ ఒక ఆజ్ఞ వేశాడు. గామే అనే ద్రాక్ష చెడ్డది, నమ్మకద్రోహం చేసే మొక్క, దాన్ని పెరికి పారేయండి అని. పినో నువార్ అనే ద్రాక్ష ఒక్కటే ఆయనకు గొప్ప. గామే ఎక్కువ కాపు కాసేది, తొందరగా పండేది, పేద రైతుకు అదే అన్నం పెట్టేది. ఆయన శపించిన ఆ మొక్కకే దక్షిణాన బోజొలే కొండల గ్రానైట్ నేల దొరికింది. ఇవాళ మోర్గోన్, ఫ్లరీ, ములా ఆ వాఁ లాంటి పది ఊళ్ల వైన్లు గామేతోనే పేరు తెచ్చుకున్నాయి. నవంబరు మూడో గురువారం విడుదలయ్యే కొత్త వైన్‌ను మాత్రమే చూసి బోజొలేను తేలిగ్గా కొట్టేసేవాళ్లు ఒక్కసారి అయిదారేళ్లు నిలవబెట్టిన మోర్గోన్ రుచి చూడాలి.

ఇప్పుడు రెండో కథ. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా పురుగు వేళ్లు కొరికి ఫ్రాన్స్ తోటలను చంపేసింది. చివరికి అమెరికా తీగల వేళ్ల మీద ఫ్రెంచి కొమ్మలు అంటుకట్టి తోటలను బతికించుకున్నారు. ఆ కరువు కాలంలో చక్కెరతో, ఎండుద్రాక్షతో చేసిన వైన్లు బజారు ముంచెత్తాయి. ధరలు కూలి, 1907లో దక్షిణ ఫ్రాన్స్ ద్రాక్షరైతులు లక్షలాదిగా వీధుల్లోకి వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. పేరుకు రక్షణ కావాలన్న కోరిక ఆ గాయంలోంచి పుట్టింది. 1923లో దక్షిణ ఫ్రాన్స్‌లోని షాతోనెఫ్ దు పాప్ రైతులు బారన్ లెరువా అనే తోట యజమాని నాయకత్వంలో తమకు తామే నియమాలు రాసుకున్నారు. తమ వైన్‌కు ఏ నేల పనికొస్తుందో ఎలా గుర్తించారంటే, లావెండర్, థైమ్ మొక్కలు రెండూ పెరిగే బీద నేలను ఎంచుకున్నారు. ఎంత చక్కటి కొలత! 1935లో ఏఓసీ చట్టం అదే దారిలో నడిచింది.

గోదావరి గట్టు గారూ, నేను చూసే తేడా ఇదే. 1395 నియమం కోట లోపల ఒక ప్రభువు రాసింది. 1923 నియమం తోటల్లో చెమటోడ్చినవాళ్లు రాసుకున్నది. ఏ ఏడాది దగ్గర ఆపాలన్నది తర్వాతి మాట, నియమం ఎవరు రాస్తున్నారన్నది ముందు తేలాలి. 2020లో నార్మండీలో ఓటు వేసింది ఉత్పత్తిదారులే కదా.

నియమం రాయి కాదు కూడా. ఎండలు పెరుగుతున్నాయని బోర్దోలో 2021లో ఆరు కొత్త ద్రాక్ష రకాలకు అనుమతి ఇచ్చారు. తోటలో ఐదు శాతం, వైన్‌లో పది శాతం మించకూడదన్న హద్దుతో. మార్పు వస్తుంది, నెమ్మదిగా, అందరూ చూస్తుండగా.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నాకు తెలిసిన ఒక తోటమాలి వైన్ అద్భుతంగా ఉంటుంది. ఏఓసీ రుచి పరీక్షలో అది ‘ఆ ఊరి తరహాలో లేదు’ అని రెండుసార్లు తిప్పికొట్టారు. విసిగిపోయి ఏఓసీ వదిలేసి, ‘వాఁ ద ఫ్రాన్స్’ అన్న సాదా పేరుతో అమ్ముకుంటున్నాడు. ఊరి పేరు తన సీసా మీద వేసుకోలేకపోయినందుకు అతని కళ్లలో బాధ చూశాను. నియమాన్ని సమర్థిస్తూనే ఇలాంటివాళ్ల గురించి మనం అడగాలి.

ఎర్రమిరప:

మిరపకాయ గురించి ఒక మాట. ఫ్రాన్స్ నైరుతి మూల బాస్క్ ప్రాంతంలో ఎస్పెలెత్ అని ఊరుంది. శరదృతువులో ఇళ్ల ముందు గోడల నిండా ఎర్రటి మిరప దండలు ఆరేస్తారు. ఘాటు తక్కువ, వాసన ఎక్కువ. గుంటూరు కారం తిన్న నోటికి అది తియ్యగానే తోస్తుంది. 2000లో దానికి ఏఓసీ ఇచ్చారు, పది ఊళ్లలో పండినదానికే ఆ పేరు. మిరప వాళ్లదీ కాదు, మనదీ కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చిందే. మన గుంటూరు సన్నం మిరపకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కణ్నుంచి వచ్చిందన్నది కాదు, తరాల తరబడి ఏ ఊరు దాన్ని విత్తి, ఆరబోసి, తన వంటలో కలుపుకుందన్నదే లెక్క. కమంబేర్ తెల్లబూజు నూరేళ్లదే కావచ్చు, ఆ నూరేళ్లూ దాన్ని సాకింది నార్మండీ.

గోదావరి గట్టు:

ఎర్రమిరప గారి మాట నన్ను కొంత కదిలించింది. నియమం ఎవరు రాశారన్న ద్రాక్షతోట గారి ప్రశ్న కూడా సరైనదే. ఆ రెండూ ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక చోట మాత్రం ఒప్పుకోలేను. కాచిన పాల చీజ్ చేసే ఫ్యాక్టరీ కూడా నార్మండీలోనే ఉంది. అందులో పనిచేసేవాడు నార్మండీవాడే, పాలు పోసే రైతూ నార్మండీవాడే. వాళ్లు చేసినదాన్ని ‘నార్మండీలో తయారైనది’ అని చెప్పుకోనివ్వకపోతే అది అబద్ధాన్ని ఆపడమా, నిజాన్ని దాచడమా? ఏఓపీ ముద్రను పచ్చిపాల వాళ్లకే ఉంచండి, అభ్యంతరం లేదు. ఊరి పేరు మాత్రం అక్కడ బతికే అందరిదీ.

నార్మండీ వాసి:

మీరు వేసిన ప్రశ్నల్లో గట్టిది ఇదే. దీని గురించి రెండు రోజులు ఆలోచించాను.

ఫ్యాక్టరీ కూలి నార్మండీవాడే, అది నిజం. ఆ మాట డబ్బా వెనక చిన్న అక్షరాల్లో తయారీ చిరునామాగా ఉంటే నాకు పేచీ లేదు. ముందువైపు, పచ్చిక బొమ్మ పక్కన, ఏఓపీ డబ్బాను పోలిన అక్షరాల్లో ఎందుకు వేశారన్నదే నా బాధ. ఆ బొమ్మలో ఉండేది కళ్లచుట్టూ కళ్లజోడు పెట్టినట్టు గోధుమరంగు మచ్చలున్న నార్మండ్ ఆవు. నేను చూసిన రైతు దగ్గర అలాంటివి ముప్పై దాకా ఉన్నాయి. అవి ఇచ్చేవి వేరే జాతుల కంటే తక్కువ పాలే, కానీ చీజ్‌కు బాగా పనికొచ్చే చిక్కటి పాలు. ఏఓపీ ముద్ర తెచ్చే ధర లేకపోతే వాటిని అమ్మేసి ఎక్కువ పాలిచ్చే ఆవుల్ని కొంటానని అతను నాతో అన్నాడు. ఆ పాక, ఆ గరిటె, ఆ ఆవులు మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఒకటి జారితే మిగతావీ జారతాయి. మీరడిగిన న్యాయం ఆ కూలికి దక్కాలి, కానీ ఈ రైతు పేరు తీసి ఇవ్వడం ద్వారా కాదు.

కృష్ణాతీరం:

మౌనంగా చదువుతున్నాను. వచ్చే నెల పారిస్ వస్తున్నాం. అసలైనది కొనాలంటే ఏం చూడాలి? దానితో ఏ వైన్ తాగాలి?

నార్మండీ వాసి:

డబ్బా మీద ‘కమంబేర్ ద నార్మండీ’ అన్న మూడు మాటలూ, ఏఓపీ ముద్రా ఉన్నాయో లేదో చూడండి. ‘లే క్రు’ అంటే పచ్చిపాలు అని గుర్తుంచుకోండి. మూత తీసి, పైన బొటనవేలితో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉంటే ఇంకా పండలేదు. అంచు, నడుమ రెండూ ఒకేలా మెత్తగా లొంగితే పండింది. అమ్మోనియా ఘాటు కొడితే వదిలేయండి. కొన్నాక తినే గంట ముందు ఫ్రిజ్ నుంచి బయట పెట్టండి. ఇంట్లో గర్భిణులుంటే పాలకేంద్రం గారి మాట మరవకండి.

వైన్ గురించి అడిగారు. నార్మండీ ఆపిల్ సీమ, ఇక్కడ ద్రాక్ష కన్నా ఆపిల్ తోటలే ఎక్కువ. ఇక్కడివాళ్లు దీనితో ఆపిల్ సిడర్ తాగుతారు. కోసినప్పుడు నడుమ సన్నటి తెల్లటి గీత, సుద్దలా కాస్త పెళుసుగా, ఇంకా మిగిలి ఉంటుంది చూడండి. నా పొరుగింటి పెద్దాయన ఆ దశలోనే తింటారు, ఇంకో వారం ఆగమంటే ఒప్పుకోరు.