ఇంటి వ్యాయామం మూడు నెలలకే ఎదుగూబొదుగూ లేకుండా ఆగిపోయింది: జిమ్‌లో చేరక తప్పదా?

ఉదయరాగం (ప్రశ్న):

నమస్కారం. నా వయసు 38 సంవత్సరాలు. పగలంతా కుర్చీకి అతుక్కుని చేసే ఉద్యోగం. ఇదివరకు రెండుసార్లు జిమ్‌లో చేరి, రెండుసార్లూ నెల తిరగకుండానే మానేశాను. వెళ్ళిరావడానికే గంట పట్టేది; తీరా వెళ్ళాక కావలసిన యంత్రం ఖాళీ అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చేది. అందుకని ఈసారి ఇంట్లోనే చేసుకుందామని నిశ్చయించుకుని, మూడు నెలలుగా దాదాపు ఒక్కరోజైనా తప్పకుండా 20 పుషప్‌లు, 50 స్క్వాట్లు, 30 సిటప్‌లు, చివర ఐదు నిమిషాలపాటు జంపింగ్ జాక్‌లు చేస్తున్నాను.

మొదటి నెల ఉత్సాహంగా గడిచింది. ఆరు పుషప్‌లకే చేతులు వణికిన నేను ఐదో వారానికి 20 చేయగలిగాను. మూడంతస్తుల మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం కూడా తగ్గింది. ఆ తరువాత మాత్రం ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంది. భుజాలు, చేతులు అలాగే ఉన్నాయి, పొట్ట అసలు తగ్గలేదు. ఇంటి వ్యాయామానికి ఉన్న హద్దు ఇంతేనా? బరువులు, యంత్రాలు లేకుండా ఇంకా ముందుకు వెళ్ళే దారి ఉందా? నా దగ్గర ఉన్నవల్లా ఒక చాప, వీపున తగిలించుకునే ఒక సంచి, రెండు గట్టి కుర్చీలు, ఒక బరువైన భోజనాల బల్ల. స్క్వాట్ చేసేటప్పుడు ఎడమ మోకాలు టిక్కుమంటుంది, నొప్పి మాత్రం లేదు.

పాతకాపు:

ఉదయరాగం గారికి నమస్కారం. మీరు రాసినదాంట్లోనే జవాబు ఉంది. ఐదో వారంలో 20 పుషప్‌లు చేశారు, పన్నెండో వారంలోనూ ఆ 20 మాత్రమే చేస్తున్నారు. కండరం తనకు అలవాటైన పనికి సరిపడేంత వరకే బలపడుతుంది. ఆ పని పెరగనంతకాలం అది పెరగవలసిన అవసరం దానికి లేదు. పైగా మొదటి వారాల్లో మీకు కనిపించిన వేగంలో అధికభాగం కండ పెరగడం వల్ల వచ్చినది కాదు. ఉన్న కండనే మెదడూ నరాలూ మరింత బాగా వాడుకోవడం నేర్చుకున్నాయి. ఆ నేర్పు వచ్చాక కండ పెరిగే దశ మొదలవుతుంది. అది నెమ్మదిగా సాగుతుంది, బరువు పెంచుకుంటూ పోతేనే సాగుతుంది.

జిమ్‌లో ఇనుప బిళ్ళ ఇంకొకటి తగిలిస్తే బరువు పెరుగుతుంది. ఇంట్లో శరీరాన్ని నిలిపే తీరును మార్చి పెంచుకోవాలి. మామూలు పుషప్‌లో చేతుల మీద పడేది శరీర బరువులో సుమారు 64 శాతం. మోకాళ్ళు నేలకు ఆనిస్తే అది 49 శాతానికి తగ్గుతుంది. చేతులను 60 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద ఆనిస్తే 41 శాతం పడుతుంది, పాదాలను అదే ఎత్తు మీద ఉంచి చేతులను నేలకు ఆనిస్తే 74 శాతం పడుతుంది. 70 కిలోల మనిషికి అదే గదిలో, అదే బల్లతో, 29 కిలోల నుంచి 52 కిలోల దాకా దొరుకుతున్నదన్నమాట. వీపు మీద సంచి వేసుకుంటే ఇంకా పెరుగుతుంది.

అయితే ఆ పని మొదలుపెట్టేముందు మీ 20 పుషప్‌లను ఒకసారి పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసుకుని చూడండి. ఛాతీకి, నేలకు మధ్య పిడికిలి ఎత్తు మాత్రమే మిగిలేదాకా మూడు సెకన్లపాటు నెమ్మదిగా దిగి, అక్కడ ఒక క్షణం ఆగి, నడుము కిందికి జారకుండా, తల నుంచి మడమ దాకా ఒకే గీతగా పైకి లేచినవాటినే లెక్కపెట్టండి. చాలామంది విషయంలో ఆ లెక్క సగానికి పడిపోతుంది. నా లెక్క 25 నుంచి 11కు పడింది. ఆ రాత్రి కాస్త చిన్నబోయిన మాట వాస్తవమే కానీ, నా వ్యాయామం గాడిన పడింది ఆ రోజునుంచే.

ఇంకొక సంగతి. తక్కువ బరువుతో ఎక్కువసార్లు చేసినా, ఎక్కువ బరువుతో తక్కువసార్లు చేసినా, ఇక రెండు మూడుకు మించి చేయలేననే స్థితి దగ్గరపడేవరకు చేసినప్పుడు, కండ పెరుగుదల దాదాపు సమానంగా ఉంటుందని అనేక పరిశోధనలు తేల్చాయి. అందువల్ల ఇంట్లో బరువు తక్కువని చింతించనక్కర లేదు. ఇంకా పదిహేను చేయగలిగే ఓపిక ఉండగానే 20 దగ్గర ఆపేస్తే మాత్రం ప్రయోజనం ఉండదు. మీ 50 స్క్వాట్లదీ ఇదే కథ. వాటి బదులు ఒక పాదాన్ని వెనుక కుర్చీ మీద ఉంచి, రెండో కాలి మీదే దిగి లేవండి. మొదటిరోజు ఎనిమిది చేస్తే గొప్ప. అది సులువయ్యాక సంచిలో పుస్తకాలు నింపుకుని చేయండి.

ప్రతిరోజూ అదే కండరానికి పని పెట్టవద్దు. వారంలో మూడు రోజులు, ఒక్కొక్క వ్యాయామం మూడు విడతలు, విడతల నడుమ రెండు నిమిషాల విరామం సరిపోతుంది. ప్రతిసారీ ఎన్ని చేశారో ఒక నోటుబుక్కులో తేదీతో సహా రాసుకోండి. ఇంటి వ్యాయామంలో శిక్షకుడు ఉండడు కనుక, పోయిన వారం ఎంత చేశారో గుర్తుచేసేది ఆ పుస్తకమే.

మెట్లదారి:

పాతకాపు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే మీ జాబితాలోని ఒక పెద్ద లోటును చూపదలచుకున్నాను. అందులో నెట్టే పనులు ఉన్నాయి, వంగే పనులు ఉన్నాయి, లాగే పని ఒక్కటీ లేదు. నెట్టడానికి నేల ఉంటే చాలు. లాగాలంటే పైన వేలాడడానికి ఏదైనా ఆధారం ఉండాలి, లేదా కింద ఎత్తడానికి ఒక బరువు ఉండాలి. అందుకే ఇంట్లో చేసుకునేవారిలో ఎక్కువమందికి ఛాతీ, భుజాల ముందు భాగం బలపడుతూ పోయి, వీపు పైభాగం వెనకబడిపోతుంది. రోజంతా కూర్చుని, భుజాలు ముందుకు వంచి పనిచేసేవారికి వీపు పని మరీ అవసరం.

మీకు బల్ల ఉంది కదా. దాని కింద వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో అంచును పట్టుకుని, మోకాళ్ళు మడిచి, ఛాతీ అంచుకు తగిలేదాకా శరీరాన్ని పైకి లాగండి. ముందుగా బల్ల ఒరగదని, అంచు ఊడిరాదని ఇంకొకరి చేత పరీక్షింపజేయండి. తేలికపాటి బల్లలు మీద పడతాయి. సులువయ్యేకొద్దీ కాళ్ళు చాపుకుంటూ వెళ్ళండి. రెండో పద్ధతి, సంచిలో పది పన్నెండు కిలోల పుస్తకాలు పెట్టి, ఒక చేయి కుర్చీ మీద ఆనించి, వీపును వంకర పోనీయకుండా తుంటి దగ్గర వంగి, రెండో చేత్తో సంచిని నడుము వైపుకు లాగడం. మోచేయి వెనక్కి పోయినప్పుడు ఒక క్షణం ఆపితే, అప్పటిదాకా ఎన్నడూ పని చేయని కండరాలు ఎక్కడున్నాయో మీకే తెలుస్తుంది.

తలుపు చట్రం మధ్య మరలు లేకుండా బిగించే కడ్డీ జోలికి మాత్రం పోవద్దని నా సలహా. కేవలం రాపిడి మీద నిలబడే అటువంటి కడ్డీ ఒకటి నేను కొన్నాను. రెండు వారాలు బాగానే పనిచేసింది, మూడో వారంలో నేను వేలాడుతూ ఉండగా ఒక వైపు జారింది. నేను నేల మీద పిరుదుల మీదుగా పడ్డాను. ఆ తరువాత ఆరు వారాలు దిండు లేకుండా కూర్చోలేకపోయాను. గోడకు మరలతో బిగించినదైతే ఆ భయం లేదు.

పొట్ట సంగతి. 30 సిటప్‌లు కాదు, 300 చేసినా పొట్ట మీది కొవ్వు ప్రత్యేకంగా కరగదు. ఏ కండరం పనిచేస్తే దాని పైన ఉన్న కొవ్వే ఖర్చవుతుందన్నది అపోహ. శరీరం తన నిల్వలను తనకు తోచిన చోటినుంచి వాడుకుంటుంది. తినే శక్తికన్నా ఖర్చయ్యే శక్తి వారాల తరబడి కొంచెం ఎక్కువగా ఉండేలా చూసుకుంటేనే నడుము తగ్గుతుంది. తూకం ఒక్కటే చూసుకుంటే నిరాశ కలగవచ్చు, ఎందుకంటే కండ పెరిగి కొవ్వు తగ్గినప్పుడు ముల్లు కదలదు. పదిహేను రోజులకొకసారి టేపుతో, బొడ్డు దగ్గర, ఉదయాన్నే కొలుచుకోండి.

నిదానం:

బలం గురించి ఇద్దరూ వివరంగా రాశారు కనుక నేను గుండె, ఊపిరితిత్తుల గురించి మాత్రమే రాస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం అవసరం. మీ జంపింగ్ జాక్‌లు రోజుకు ఐదు నిమిషాలు, అంటే వారానికి 35 నిమిషాలే. మెట్లు ఎక్కడం, వేగంగా నడవడం, గదిలోనే తాడాట ఆడడం, ఏదైనా సరే, ఆ లెక్కను పూరించుకోండి. శ్రమ ఎంతటిదో కొలవడానికి పరికరం అక్కరలేదు: మాట్లాడగలిగి పాట పాడలేకపోతే అది ఓ మోస్తరు శ్రమ, నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగవలసి వస్తే తీవ్రమైన శ్రమ.

నాలుగు నిమిషాల్లో అంతా అయిపోతుందని చెప్పే తబాటా వీడియోల విషయంలో కొంచెం జాగ్రత్త. ఆ పద్ధతికి మూలం తబాటా అనే శాస్త్రవేత్త బృందం 1996లో ప్రచురించిన జపాన్ పరిశోధన; అందులో శిక్షణ పొందిన యువకులు సైకిల్ యంత్రం మీద, 20 సెకన్ల పని, 10 సెకన్ల విరామం చొప్పున, ఇక తొక్కలేమనే స్థాయిదాకా తొక్కారు. ఇంటి గదిలో సంగీతానికి తగ్గట్టు గెంతడం దానికి సమానం కాదు. మొదటి నెలల్లో మోకాళ్ళకు అది మంచిది కూడా కాదు.

ఆ మాటకొస్తే ఇంటి వ్యాయామం కొత్తదేమీ కాదు. 1950ల చివర కెనడా వైమానిక దళం తన సిబ్బంది కోసం రూపొందించిన ఫైవ్ బీ ఎక్స్ అనే పద్ధతిలో ఐదే వ్యాయామాలు, రోజుకు 11 నిమిషాలు, పరికరాలు ఏమీ లేవు. అందులోని కొన్ని కదలికలను ఈనాటి శిక్షకులు సిఫారసు చేయరు, కానీ సమయం మారకుండానే అంచెలంచెలుగా పని పెరిగేలా పట్టికలు వేసిన తీరు ఇప్పటికీ చూడదగినది.

ఇనుపకండ:

అందరూ ఇంటినే సమర్థిస్తున్నారు కనుక రెండో పక్షం నేను వినిపిస్తాను. గరిష్ఠ బలం, అంటే ఒక్కసారికి ఎత్తగలిగే అత్యధిక బరువు పెరగాలంటే, బరువైన ఇనుముతోనే సాధన చేయాలి. తక్కువ బరువుతో ఎక్కువసార్లు చేయడం కండకు సరిపోతుందేమో కానీ దీనికి సరిపోదు. తొడ వెనుక కండరాలకు, నడుముకు సంచితో దొరికే పని కూడా కొన్ని నెలల్లోనే చాలకుండా పోతుంది. అయితే ఉదయరాగం గారు కోరుతున్నది ఆ స్థాయి కాదని నాకు అర్థమైంది. వారు ఇంకొక ఏడాది ఇంట్లోనే నిశ్చింతగా సాగవచ్చు. ఆ తరువాత కూడా జిమ్‌కు బదులు బరువు మార్చుకోగల రెండు డంబెల్‌లు కొంటే చాలా దూరం వస్తాయి.

ఉదయరాగం:

అందరికీ ధన్యవాదాలు. పాతకాపు గారు చెప్పినట్లు వీడియో తీసుకున్నాను. నా 20లో లెక్కకు వచ్చినవి తొమ్మిది. మిగిలినవాటిలో తల మాత్రమే కిందికి వెళ్ళి వస్తోంది, ఛాతీ గాలిలోనే ఉండిపోతోంది. బల్ల కింద లాగుడు ఐదుసార్లు చేయగలిగాను. మరునాడు ఏమీ అనిపించలేదు కానీ, రెండో రోజు వీపు పట్టేసి చొక్కా తొడుక్కోవడం కూడా కష్టమైంది. ఏమైనా దెబ్బతిన్నదా? ఇంకా, వెనుక కాలు కుర్చీ మీద ఉంచి దిగేటప్పుడు తూలిపోతున్నాను. మోకాలి శబ్దం గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

పాతకాపు:

తొమ్మిది మంచి అంకె. ఇక అది మీ అసలు లెక్క. అలవాటు లేని పని చేసినప్పుడు నొప్పి ఆలస్యంగా మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి, తానే తగ్గిపోతుంది. రెండు పక్కలా సమానంగా, కండ మధ్యలో, నొక్కితే సలిపేలా ఉంటే కంగారు పడనక్కర లేదు. ఒకే చోట పొడిచినట్లున్నా, కీలు వాచినా, చేయి తిమ్మిరెక్కినా వైద్యుడికి చూపించాలి. వ్యాయామం మధ్యలో గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం వంటివి ఉంటే ఆ క్షణమే ఆపి వెళ్ళాలి.

తూలుడుకు వెనుక కుర్చీని రెండు వారాలు పక్కన పెట్టి, రెండు పాదాలూ నేల మీదే ఉంచి, ఒకటి ముందుకు ఒకటి వెనక్కి వేసి, ఒక చేత్తో గోడను తాకుతూ దిగండి. పాదాలు ఒకే గీత మీద కాకుండా తుంటి వెడల్పున ఉండాలి. చాలామంది తూలేది అక్కడే. నొప్పీ వాపూ లేని మోకాలి చప్పుడుకు సాధారణంగా భయపడవలసినది లేదు. ఆ రోజుల్లో తొడలకు పని కావాలనుకుంటే, బడిలో మనకు శిక్షగా వేయించిన గోడకుర్చీయే వేయండి, 30 సెకన్లతో మొదలుపెట్టి, వారానికి ఐదు సెకన్లు పెంచుతూ. ఊపిరి మాత్రం బిగబట్టవద్దు. రక్తపోటు ఉన్నవారైతే వైద్యుణ్ణి అడిగాకే ఇది చేయాలి. నాలుగు వారాల తరువాత మీ నోటుబుక్కులోని అంకెలు ఇక్కడ పెట్టండి, తరువాతి మెట్టు అప్పుడు మాట్లాడుకుందాం.