అప్‌డేట్: కాల్షియం పెరిగినా ఐఎల్-2 జీన్ ఎందుకు ఆన్ కాలేదో తెలిసింది

బతుకమ్మ సెలవులకు ముందు అడిగాను కదా: జర్కాట్ కణాలకు (ల్యాబ్‌లో పెంచే మనిషి టి-కణాలు, ఒక రకం తెల్ల రక్తకణాలు) అయానోమైసిన్ (కణంలోకి కాల్షియం పంపే రసాయనం) ఇస్తే ఫ్లువో-4 (కాల్షియం తగిలితే వెలిగే రంగు) పచ్చగా వెలుగుతోంది, అంటే కాల్షియం పెరిగింది, కానీ క్యూపీసీఆర్‌లో (జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష) ఐఎల్-2 (టి-కణాలు పెరగడానికి సంకేతమిచ్చే ప్రోటీన్ జీన్) మాత్రం కదలడం లేదని. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

"పీఎంఏ కూడా కలిపి చూడు తమ్ముడూ" అని ఒకన్న చెప్పిందే నిజమైంది (పీఎంఏ అంటే పీకేసీ అనే ఎంజైమ్‌ను మేల్కొలిపే రసాయనం). హనుమకొండలో మా గైడ్ సార్ కూడా ప్లేట్ లేఅవుట్ చూడగానే అదే అన్నారు. కాల్షియం పెరిగితే కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్ ద్వారా కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ మేల్కొని ఎన్‌ఫ్యాట్ (జీన్లను ఆన్ చేసే ప్రోటీన్) మీది ఫాస్ఫేట్లను తీసేస్తుంది, అప్పుడది కేంద్రకంలోకి వెళ్తుంది. నాకు అక్కడిదాకా బాగానే జరిగింది. కానీ ఐఎల్-2 ప్రమోటర్ (జీన్‌ను ఆన్ చేసే డీఎన్‌ఏ భాగం) దగ్గర దానికి ఏపీ-1 అనే ఇంకో ప్రోటీన్ తోడు కావాలి. అందుకు పీకేసీ దారి తెరవాలి, పీఎంఏ చేసేది అదే.

రెండూ కలిపి 6 గంటలు ఉంచాను. స్క్రీన్ మీద 38 సైకిళ్లు దాటినా లేవని గీత ఈసారి 25 దగ్గరే లేచింది (ఎంత ముందు లేస్తే జీన్ అంత ఎక్కువ పనిచేసినట్టు)! కాల్సిన్యూరిన్‌ను ఆపే సైక్లోస్పోరిన్ వేసిన వెల్‌లో ఐఎల్-2 మళ్లీ పడిపోయింది, కాబట్టి ఇది కాల్సిన్యూరిన్ దారే.

సీరం మార్చడం, కొత్త ప్రైమర్లు తెప్పించడం (ఆ డబ్బులు పోయినట్టే) దేనికీ పనికిరాలేదు. కరెంటు పోయి ఫ్రీజర్‌లో అయానోమైసిన్ పాడైందేమోనని ఉత్తపుణ్యానికి అనుమానపడ్డాను, అది బాగానే ఉంది.