ఒకే పార్టీ వాళ్లిద్దరికీ టై ఎలా అయ్యింది?

రాజోలు కుర్రాడు: గ్రూప్స్‌కి చదువుతూ 1800 అమెరికా ఎన్నిక దగ్గర ఆగిపోయానండీ. జెఫర్సన్ అధ్యక్షుడికి, బర్ ఉపాధ్యక్షుడికి, ఇద్దరిదీ ఒకే పార్టీ, మరి చెరో 73 వచ్చి టై ఏంటి? మా ఊళ్లో వార్డు మెంబరుకి టై అయితే స్టీలు చెంబులో చీటీలు వేసి తీయించారు, అక్కడ అదీ లేదా?

అమలాపురం మాస్టారు: ఒక్కో ఎలక్టరుకి, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోడానికి రాష్ట్రాల తరఫున ఓటేసేవాడికి, రెండు ఓట్లు బాబూ, కానీ ఏది ఏ పదవికో రాసే పద్ధతి లేదు. ఎక్కువొస్తే అధ్యక్షుడు, తర్వాతవాడు ఉపాధ్యక్షుడు. రాజ్యాంగం రాసినప్పుడు పార్టీల లెక్కే వేసుకోలేదు మరి. అవతలి పార్టీ ఫెడరలిస్టులు తెలివిగా ఒక ఓటు పక్కకి వేయించారు, ఆడమ్స్‌కి 65, పింక్నీకి 64. జెఫర్సన్ వాళ్లు ఆ పని చేయలేదు, అంతే.

భీమవరం: చీటీలు కాదు తమ్ముడూ, ప్రతినిధుల సభకి వెళ్లింది. రాష్ట్రానికి ఒక ఓటు, 16లో 9 రావాలి. జెఫర్సన్ బండి 8 దగ్గర బురదలో దిగబడినట్టు 35 సార్లు ఓటేసినా కదల్లేదు, 1801 ఫిబ్రవరి 17న 36వ సారికి తేలింది. నాకు నచ్చే ముక్కేంటంటే, జెఫర్సన్ అంటే అస్సలు పడని ఫెడరలిస్టు నాయకుడు హామిల్టనే బర్ కంటే ఇతనే నయమని సొంత పార్టీ వాళ్లకి ఉత్తరాలు రాశాడు. 1804లో ఆ బర్ చేతిలోనే ద్వంద్వయుద్ధంలో పోయాడు పాపం.

రాజోలు కుర్రాడు: ఆయ్, అయితే 1796లో ఆడమ్స్ కింద ప్రత్యర్థి జెఫర్సన్ ఉపాధ్యక్షుడైందీ ఇందుకేనా?

అమలాపురం మాస్టారు: ఇందుకే. ఆడమ్స్‌కి 71, జెఫర్సన్‌కి 68. 1804లో 12వ సవరణతో రెండు పదవులకీ ఓట్లు విడదీశారు, అది నోట్స్‌లో రాసుకో.