సమస్యాపూరణం: «కత్తిరింపఁ బుట్టెఁ గమ్మతావి»

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. కత్తిరిస్తే పువ్వు పోతుంది గానీ వాసన పుడుతుందా? ఎలా పుట్టిస్తారో మీ ఇష్టం. పోయినసారిలా సీసం రాసి పంపకండి, దణ్ణం పెడతాను.

మల్లెపందిరి:

మాపువేళ కోసి మల్లెమొగ్గలు తెచ్చి
బుట్టలోన పోయఁ బొద్దు పోయె
గడప దాటకుండ గది నిండె పరిమళం
కత్తిరింపఁ బుట్టెఁ గమ్మతావి

సాయంత్రం మొగ్గలు కొంటే ఏ వాసనా ఉండదు. తొమ్మిదింటికి చూస్తే బుట్టలోనే విచ్చుకుని ఇల్లంతా నింపేస్తాయి. అదే రాశాను.

గురులఘువు: ధార బాగుందమ్మా. మూడో పాదం చివర 'పరిమళం' గణానికి సరిపోయింది గానీ పద్యంలో సున్నాతో ఆగితే నా చెవికి ఎందుకో వెలితి. 'గది నిండె వలపుతో' అనండి. పాత తెలుగులో వలపంటే వాసన కూడా. ఇంకో మాట: మల్లెమొగ్గని గిల్లుతారు, తుంచుతారు, కత్తిరించరు కదా! ఆ 'కత్తిరింప' ఎక్కడ?

మల్లెపందిరి: వలపు తీసుకుంటున్నాను గురువుగారూ. కత్తెర దగ్గర దొరికిపోయాను.

బోటనీ మాస్టారు: దొరికిపోలేదమ్మా, కత్తెర ఉంది, కాకపోతే మొగ్గ లోపల ఉంది. మల్లె వాసనలో లినలూల్ అనే పదార్థం ఒకటి. మొగ్గలో అది కొంత చక్కెర అణువుకి అతుక్కుని ఉంటుంది. చక్కెర పట్టుకున్నంతసేపూ నీళ్లలో కరిగి కూర్చుంటుంది, గాలిలోకి లేవదు. గ్లైకోసిడేజ్ జాతి ఎంజైమ్ ఆ లంకె కోసేస్తే అప్పుడు లేస్తుంది. అందుకని నా పూరణ:

చక్కెరంటుకున్న సౌరభాణువు మూగ
మొగ్గ గుండెలోన ముడుచుకొనియె
ఎంజయిమ్ము వచ్చి యిట్టె లంకెను పట్టి
కత్తిరింపఁ బుట్టెఁ గమ్మతావి

గురులఘువు: 'సౌరభాణువు మూగ'! దీనికి వీరతాడు వేయాల్సిందే. 'ఎంజైము' అలాగే పెడితే త-గణమై (రెండు గురువులు, ఒక లఘువు) సూర్యగణం చోట పడదు, 'జయి' అని విడదీసి గట్టెక్కారు. చెవికి కాస్త పంటికింద రాయిలా ఉంది, అయినా వదిలేస్తున్నా.

టెక్సస్ తెలుగు: నాది పువ్వు కాదు, గడ్డి. శనివారం డ్యూటీ!

పెరటిగడ్డి పెరిగి బెత్తెడై నిలుచుండె
వాసనేది లేదు వంగి చూడ
మిషను నడపినంత తోటంత గుప్పున
కత్తిరింపఁ బుట్టెఁ గమ్మతావి

గురులఘువు: మూడో పాదంలో 'మి'కి 'తో' యతి ఎలా కుదిరిందండీ? 'మిషను నడపినంత మెరుపులా గుప్పున' అంటే సరి. భావం మాత్రం హాయిగా ఉంది.

బోటనీ మాస్టారు: సమస్యకి అక్షరాలా సరిపోయిన పూరణ ఇదే. ఆకు తెగినప్పుడు కొవ్వు ఆమ్లాలకి లైపాక్సిజనేజ్ ఆక్సిజన్ తగిలిస్తుంది, ఆ వెంటనే ఇంకో ఎంజైమ్ వాటిని ముక్క చేస్తుంది. క్షణాల్లో పచ్చివాసన. మీ మిషను ఒక కోత, ఎంజైమ్‌ది రెండో కోత.

గులాబీరంగు:

రంగులెన్నొ యున్న రాదాయె వాసన
జోడు ఫాస్ఫరాలు చుట్టుకొనగ
తొలుత నొకటి, పిదప తోడి రెండవదిని
కత్తిరింపఁ బుట్టెఁ గమ్మతావి

2015లో 'సైన్స్' పత్రికలో వచ్చిన సంగతి ఇది. ఫ్రాన్స్ పరిశోధకులు బాగా వాసన ఉన్న పాపా మేయాన్ గులాబీని, వాసన అంతగా లేని రూజ్ మేయాన్‌నీ పక్కపక్కన పెట్టి జన్యువులు పోల్చారు. తేడా నుడిక్స్ జాతి ఎంజైమ్ ఒకదాని దగ్గర తేలింది. గులాబీ వాసనలో ఉండే జెరానియాల్ అనే పదార్థాన్ని మిగతా చాలా మొక్కల్లో టెర్పీన్ సింథేజ్ అనే ఎంజైమ్ ప్లాస్టిడ్‌లో (కణంలోని ఒక చిన్న అరలో) ఒకే దెబ్బకి చేస్తుంది. గులాబీలో మాత్రం నుడిక్స్ ఆ అర బయట, కణద్రవంలో (సైటోప్లాజంలో), రెండు ఫాస్ఫేట్లున్న ముడిపదార్థం నుంచి ఒక ఫాస్ఫేట్ తీస్తే, రెండోది ఇంకో ఎంజైమ్ తీస్తుంది.

బోటనీ మాస్టారు: పద్యంలో 'ఫాస్ఫరాలు' కాదు బాబూ, ఫాస్ఫేట్లు. నా క్లాసులో అయితే అర మార్కు పోయేది.

గులాబీరంగు: యతి కోసం కాదు సార్, గణం కోసం.

గురులఘువు: 'తొలుత నొకటి, పిదప తోడి రెండవదిని' అన్నచోట రెండు కోతల వరసా పద్యంలోకి వచ్చేసింది. నాకు ఇదే మొదటిది. మాస్టారి పద్యం అందం, ఇది పని.

మల్లెపందిరి: ఒక సందేహం. గులాబీ కోశాక వాసన తగ్గిపోతుంది, మల్లె ఎందుకు తగ్గదు?

బోటనీ మాస్టారు: మల్లె తెగాక కూడా గంటల తరబడి వాసన తయారుచేస్తూనే ఉంటుంది. ఫ్రాన్స్‌లో గ్రాస్ ఊళ్లో మల్లెజాతి పూలనీ లిల్లీపూలనీ (ట్యూబ్‌రోజ్) చల్లటి కొవ్వు మీద పరిచి ఉంచేవారు, అలా వచ్చే వాసనంతా కొవ్వుకి పట్టేది. గులాబీలకి ఆ ఓపిక లేదు, ఎక్కువగా బట్టీలో మరిగించి వాసన దించేస్తారు. అసలు మల్లె వాసనలో ఇంకో ముఖ్యమైనది బెంజైల్ ఎసిటేట్. అది కోస్తే వచ్చింది కాదు. బెంజైల్ ఆల్కహాల్‌కి ఎసిటైల్ ముక్కని ఒక ఎంజైమ్ అతికిస్తే వచ్చింది! అంటే సమస్యలో సగమే నిజం ఉంది నిర్వాహకులుగారూ.

నిర్వాహకుడు: అయితే వచ్చే వారం సమస్య సిద్ధం: «అంటగట్టఁ బుట్టె నంత తావి».

గురులఘువు: 'అంటగట్టడం' అంటే పనికిరాని సరుకు నెత్తిన రుద్దడం కదండీ?

నిర్వాహకుడు: అందుకే సమస్య అన్నాను.