ఎల్టీటీఈలో ఎనిమిది నెలలున్న తమిళ అన్న అసైలం అప్పీలు: నేను సాక్ష్యం రాయాలి, ఏం రాయాలి?

పులికాట్_పిల్లోడు:

అందరికీ నమస్కారం. మాది సూళ్లూరుపేట. లండన్‌కొచ్చి నాలుగేళ్లయింది, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను. మా వైపు ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. ఆ తమిళమే నన్ను ఇప్పుడు ఈ పనిలోకి లాగింది.

ఈస్ట్ హామ్ వైపు ఒక గుడిలో శుక్రవారాలు అన్నదానం వంటకి సాయం పోతుంటాను. అక్కడ పరిచయమయ్యాడు ఈ అన్న. శ్రీలంకలో కిళినొచ్చి జిల్లా, నలభయ్యేళ్లుంటాయి. ఎదురుగా కూర్చుని పది కిలోల ఉల్లిపాయలు కోస్తాడు గానీ పది మాటలు మాట్లాడడు. ఏడాది గడిచాక మెల్లగా చెప్పాడు. 2008 అక్టోబరులో ఇయక్కం వాళ్లు (ఎల్టీటీఈ పులుల్ని ఆయన అలాగే అంటాడు) ఇంటికొకర్ని పంపాలని వచ్చారట. చెల్లెల్ని తీసుకెళతారని ఈయన వెళ్లాడు. ఎనిమిది నెలలు. బంకర్లు తవ్వడం, గాయపడ్డవాళ్లని మోయడం. 2009 మేలో, చివరి యుద్ధం జరిగిన ముళ్లివాయ్క్కాల్ నుంచి వట్టువాగల్ వంతెన దాటి జనంతో పాటు బయటపడ్డాడు. ఓమందై దగ్గర ఆర్మీవాళ్లు మైకులో "ఇయక్కంలో ఒక్కరోజున్నా సరే, పేరు చెప్పండి" అంటుంటే చెప్పేశాడు. రెండేళ్లు క్యాంపులో పెట్టి వదిలారు. ఆ తర్వాత కూడా సీఐడీ వాళ్లు రెండుసార్లు తీసుకెళ్లారట. ఆ సంగతి వివరంగా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, ఇక్కడ దిగగానే జరిగిన మొదటి చిన్న ఇంటర్వ్యూలో "ఏదైనా సాయుధ సంస్థలో ఉన్నావా?" అనడిగితే లేదన్నాడు. పంపిన ఏజెంటు అలా చెప్పమన్నాడట. పెద్ద ఇంటర్వ్యూలో నిజం చెప్పాడు. మాట మార్చాడు కాబట్టి నమ్మలేమని రిజెక్ట్ చేశారు. వచ్చే నెల ట్రిబ్యునల్లో విచారణ. నన్నొక ఉత్తరం రాసిమ్మన్నాడు.

ఇయక్కం సంగతి రాస్తే మేలా, కీడా? నా వీసాకి ఏమైనా అవుతుందా? మా నాన్నకి ఫోన్‌లో చెబితే "పులులతో నీకేం పనిరా" అని పెట్టేశాడు. రెండు రోజుల నుంచి ఒకటే టెన్షన్.

గోదారి_గట్టు:

మీ నాన్నగారు కరెక్టుగా చెప్పారు తమ్ముడూ. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీకి జరిగింది మా తరం మర్చిపోలేదు. మన ప్రభుత్వం 1992లో పెట్టిన నిషేధం నేటికీ ఉంది. మొన్న 2025 మేలో సుప్రీంకోర్టు ఏమంది? ఇదేమీ ధర్మశాల కాదు, నూట నలభై కోట్ల మందితో మేమే సతమతమవుతున్నామంది. అది కూడా ఇలాంటి కేసే. ఎల్టీటీఈ సంబంధాలున్నాయని శిక్షపడ్డ లంక తమిళుడు, శిక్ష అయిపోయాక వెనక్కి పంపొద్దని అడిగితే కుదరదు పొమ్మంది. నీ వీసా, నీ ఉద్యోగం చూసుకో.

నల్లకోటు_లెస్టర్:

గట్టు గారూ, ఈ లెక్కన 1991లో ఆ మనిషికి ఆరేళ్లుంటాయి. అదలా ఉంచితే, ఇండియా 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకమే చేయలేదు. బ్రిటన్ చేసింది. అక్కడి తీర్పు తెచ్చి ఇక్కడి కేసుకి అతికిస్తే అతకదు.

తమ్ముడూ, నేను సొలిసిటర్ని కాదు. ఒక ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఆరేళ్లు కేస్‌వర్కర్‌గా చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నా. మనవాళ్లలోనూ తమిళుల్లోనూ రెండు అపోహలున్నాయి. ఎల్టీటీఈ అంటే చాలు ఇక్కడ కేసు మూసేస్తారని ఒకటి, ఎల్టీటీఈ అంటే చాలు స్టేటస్ ఇచ్చేస్తారని ఇంకొకటి. మీ అన్నకి ఏజెంటు మొదటిది ఎక్కించాడు.

మొదటిది ఎందుకు తప్పో వినండి. 2010లో జేఎస్ అనే కేసు ఇక్కడి సుప్రీంకోర్టుకి వెళ్లింది. అతను పదేళ్ల వయసులో పులుల్లో చేరాడు, పదిహేడేళ్లకే దళానికి నాయకుడు, ఇంటెలిజెన్స్ విభాగంలోనూ పనిచేశాడు. అంతటి మనిషి విషయంలోనే కోర్టు, సభ్యుడన్న ఒక్క కారణంతో శరణు తోసిపుచ్చడానికి లేదు, యుద్ధ నేరాల్లో తెలిసి తెలిసి గట్టిగా చెయ్యి కలిపాడా అన్నది చూడాలి అంది. చెల్లెలికి బదులు వెళ్లి బంకర్లు తవ్వినవాడి సంగతి వేరే చెప్పాలా?

ఇక రెండోది. 2013 జీజే తీర్పు, దాని తర్వాత 2021 కేకే అండ్ ఆర్ఎస్. లంక తమిళుల కేసుల్లో జడ్జీలు ముందు తెరిచేవి ఈ రెండే. వీటి సారం ఒకటే: ఒకప్పుడు పులుల్లో ఉన్నావా అన్నది కాదు, ఇవాళ నిన్ను లంక ప్రభుత్వం ఎలా చూస్తుంది అన్నది. ప్రత్యేక దేశం కోసం పనిచేసేవాడిగా చూస్తే ప్రమాదం. కోర్టు ఆర్డరో వారంటో ఉండి ఎయిర్‌పోర్టులో ఆపేసే జాబితాలో పేరుంటే ప్రమాదం. పాత సంబంధం ఆ చూపుకి ఒక కారణం అవుతుంది, అంతే. కాబట్టి క్యాంపు నుంచి వదిలాక కూడా సీఐడీ రెండుసార్లు ఎందుకు తీసుకెళ్లింది అన్నదే ఈ కేసుకి ప్రాణం. మీరు అడగకుండా వదిలేసింది సరిగ్గా అదే! మీరు అడగొద్దు కూడా, అది ఆయన సొలిసిటర్ పని.

మొదటి ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పానని ఆయనే తన స్టేట్‌మెంట్లో ఒప్పుకుని, ఎందుకు చెప్పాడో రాయాలి. దాచితే అది ఇంకో అబద్ధమవుతుంది. మీ వీసాకి ఏమీ కాదు, ఒక మనిషి గురించి నిజం చెప్పడం నేరం కాదు. కానీ ఎల్టీటీఈ ఇక్కడ 2001 నుంచి నిషేధిత సంస్థ. దాన్ని మెచ్చుకుంటూ ఒక్క ముక్క కూడా రాయకండి. ఉత్తరం ఇచ్చి ఇంట్లో కూర్చుంటే దానికి విలువ తక్కువ, విచారణ రోజు వెళ్లండి. అసైలం రిజెక్ట్ చేసిన హోం ఆఫీసు తరఫువాళ్లు ప్రశ్నలేస్తారు, మీ కళ్లతో చూసింది మాత్రమే చెప్పండి.

పులికాట్_పిల్లోడు:

చాలా థాంక్స్ అన్నా. కళ్లతో చూసింది అన్నారు కాబట్టి అడుగుతున్నా. పండక్కి మగవాళ్లందరం చొక్కాలు తీసి పంచెలతో ఉంటే ఈయనొక్కడే చొక్కాతో ఉండేవాడు. పోయిన ఏడాది ఒక శుక్రవారం సాంబారు గుండిగె దించుతుంటే ఆయన మీద ఒలికింది. గబుక్కున చొక్కా లాగేశాడు. వీపు మీద అడ్డంగా ఐదారు చారలు, వేలు లావున, మెరుస్తూ ఉన్నాయి. పాతవి. నేను చూశానని తెలిసి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇది రాయొచ్చా?

చిత్తూరు_దుబాసి:

రాయాలి నాయనా, రాయాల్సింది అదే. ఏ తేదీ, ఎక్కడ, ఎంత దూరం నుంచి చూశావు, ఎన్ని చారలు. ఎలా అయ్యాయో మాత్రం రాయొద్దు, నువ్వు చూళ్లేదు కాబట్టి. ఆ పని డాక్టరుది. మచ్చలున్న ప్రతివాడూ కావాలని కాల్పించుకుని వచ్చాడేమోనని అనుమానించే రోజులుండేవి. కాల్చిన కడ్డీల మచ్చలున్న ఒక లంక తమిళుడి కేసులో 2019లో ఇక్కడి సుప్రీంకోర్టు, అలా చేయించుకోవడం చాలా అరుదు, అతను చెప్పిన కథకి ఆ మచ్చలు సరిపోతాయో లేదో డాక్టరు చెప్పొచ్చు అంది. మెడికల్ రిపోర్టు తీయించారా, కనుక్కో.

నేను చాలాకాలం ట్రిబ్యునళ్లలో తమిళ ఇంటర్‌ప్రెటర్‌గా చేసి మానేశాను. మన సరిహద్దు తమిళంతో లంక తమిళానికి మాట చెప్పబోతే ఎక్కడ బోల్తాపడతామో చెబుతా. వాళ్లు "పునర్‌వాళ్వు ముగాం" అంటారు. నా చెవికి మన పునరావాసమే వినపడింది. తమిళనాడులో శరణార్థుల క్యాంపుల్ని 2021 నుంచి "మరువాళ్వు ముగాం" అంటున్నారు, అక్కడివాళ్లకీ అలాగే వినపడుతుంది. అంటే యుద్ధంలో ఇల్లు పోయినవాళ్లుండే చోటన్నమాట. కానీ లంకలో ఆ మాటకి అర్థం వేరు. లొంగిపోయిన పులుల్ని పెట్టిన చోటు, గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. మొదట్లో ఒకాయనకి నేను నిర్వాసితుల శిబిరం అని చెప్పబోయాను. ఆయన ఇంగ్లీషు ఆ మాత్రం అర్థం చేసుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే అతని రెండేళ్ల నిర్బంధం నా నోట్లో రేషన్ క్యూ అయిపోయేది.

మీ అన్న పెద్ద ఇంటర్వ్యూ కాగితాలు తీసి, ఆ మాట దగ్గర ఇంగ్లీషులో ఏముందో చూడండి. విచారణకి లంక తమిళం మాట్లాడే ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే సొలిసిటర్ చేత రాయించండి. జడ్జి "అర్థమవుతోందా?" అంటే వాళ్లు మర్యాదకి ఆమాం (అవును) అనేస్తారు. అర్థం కాకపోతే కాలేదనమని చెప్పు.

ఇంకోటి. ఆ క్యాంపు నుంచి వదిలేటప్పుడు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు. అదుందా?

స్కార్‌బరో_శీనయ్య:

టొరంటో నుంచి. ఇక్కడి బంధువుల సలహాలు మాత్రం ఆయన వినకుండా చూడండి. కెనడా ఇమ్మిగ్రేషన్ చట్టంలో 34వ సెక్షన్ ఒకటుంది. ఉగ్రవాదానికి పాల్పడిందని నమ్మే సంస్థలో సభ్యుడైతే చాలు, ఏం చేశాడన్నది తర్వాత మాట. 2010లో సన్ సీ ఓడలో 492 మంది తమిళులు వచ్చినప్పుడు చాలామందిని దానితోనే పట్టుకోవాలని చూశారు. అందుకే ఇక్కడివాళ్లు "దాచెయ్" అంటారు. ఆ భయం మాది, మీ దేశానికి పనికిరాదు.

పులికాట్_పిల్లోడు:

అప్‌డేట్. దుబాసి గారూ, మీరన్నట్టే ఉంది! ఇంటర్వ్యూ కాగితాల్లో రెండు చోట్ల నిర్వాసితుల క్యాంపు అనే పడింది. రిజెక్ట్ చేసిన లెటర్లో "సాధారణ పౌరుల క్యాంపులో ఉన్నానని నువ్వే చెప్పావు" అని దాన్నే పట్టుకున్నారు. సొలిసిటర్‌కి పంపాం. మెడికల్ రిపోర్టుకి అపాయింట్‌మెంట్ దొరికింది.

నా స్టేట్‌మెంట్ పేజీన్నర వచ్చింది. అందులో సగం ఉల్లిపాయలు, సాంబారే.

సర్టిఫికెట్ ఉంది. ఊళ్లో అమ్మ దగ్గర, చెల్లెలి జాతకం పెట్టిన ప్లాస్టిక్ కవర్లోనే దాచిందట. వాట్సాప్‌లో ఫొటో పంపింది. కానీ దాన్లో ఈయన పేరు ఒక అక్షరం తేడా, పుట్టిన సంవత్సరం పాస్‌పోర్టులో 1985, ఇక్కడ 1986. ఇప్పుడేం చేయాలి?

నల్లకోటు_లెస్టర్:

ఒరిజినల్ కొరియర్లో తెప్పించండి, పంపిన కవరు కూడా పారేయకండి. తేడా మీరే ముందు చూపించి, కారణం ఆయన స్టేట్‌మెంట్లో రాయించండి. అవతలివాళ్లు కనిపెట్టేదాకా ఆగొద్దు.