స్టెప్నీ తీసేసి పంక్చర్ కిట్‌తో సరిపెట్టుకోవచ్చా?

అడిగినవారు:
డిక్కీలో చోటు చాలడం లేదు. స్టెప్నీ ఇంట్లో పడేసి పంక్చర్ కిట్, అంటే రంధ్రం మూసే సీలెంట్ ద్రవం సీసా, చిన్న ఎయిర్ పంపు పెట్టుకుందామంటున్నారు మావారు. ట్యూబ్‌లెస్ టైర్లే కదా అని ఆయన వాదన. పిల్లలతో తిరిగే బండి, నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

జవాబు 1:
మీవారి మాటే నయం. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు. పంపుతో కొట్టుకుని షాపు దాకా వెళ్లిపోవచ్చు. వానలో, పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే చక్రం మార్చడం ప్రాణాల మీదికొచ్చే పని. పైగా స్టెప్నీలో గాలి ఉందో లేదో ఏళ్ల తరబడి చూసేవాళ్లే లేరు.

జవాబు 2:
చివరి మాట నిజం. మిగతాది ఒప్పుకోను. సీలెంట్ పనిచేసేది టైరు నేలను తాకే చోట, అదీ చిన్న రంధ్రానికే. గుంతలో పడి టైరు పక్కగోడ చీలితే ఏ కిట్టూ ఆదుకోదు. నాకు అదే జరిగింది. రాత్రి, వేలు దూరేంత చీలిక, వెనక సీట్లో పిల్లలు నిద్ర, ఫోన్‌కి సిగ్నల్ లేదు. స్టెప్నీలో గాలి ఉంది గానీ, జాకీ ఎత్తుతుంటే మెత్తటి మట్టిలోకి దిగబడిపోయింది. టార్చి పట్టుకుని బల్లపరుపు రాయి వెతుక్కునేసరికి చేతులు వణికాయి. ఇప్పుడు జాకీ పక్కనే మందపాటి చెక్కముక్క ఉంటుంది. ఇంకోటి, నట్లు బండి లేపకముందే కాస్త వదులు చేయాలి. లేపాక తిప్పితే నట్టుతోపాటు చక్రమూ తిరుగుతుంది. సన్న స్టెప్నీ అయితే దానిమీద రాసిన వేగం దాటొద్దు, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు.

జవాబు 1:
మా అమ్మ ఒక్కతే నడుపుకుంటూ వెళ్తుంది. ఆ చక్రం ఆవిడ ఎత్తగలదా?

జవాబు 2:
ఎత్తలేకపోవచ్చు. కానీ చక్రం బండిలో ఉంటే సాయానికి వచ్చినవాళ్లు పావుగంటలో మార్చేస్తారు, లేకపోతే బండిని లాక్కెళ్లాల్సిందే. సాయం వచ్చేదాకా హజార్డ్ లైట్లు వేసి, హెచ్చరిక త్రికోణం బండికి వెనక దూరంగా పెట్టి, అమ్మగారిని రోడ్డుకి దూరంగా నిలబడమనండి. కిట్ కూడా ఉండనివ్వండి, రెండూ అవసరమే. బెల్టు కోసే కత్తి, అద్దం పగలగొట్టే సుత్తి మాత్రం డిక్కీలో వద్దు, సీటు నుంచి చెయ్యి అందాలి.

అడిగినవారు:
ఇప్పుడే డిక్కీ తీసి చూశాం. 33 ఉండాల్సిన స్టెప్నీలో గేజి 14 చూపించింది. మావారు ఏమీ అనకుండా పంపు తగిలించారు.