బోరు నీళ్లకు కిరోసిన్ వాసన: ఏ కార్బన్ కొనాలి, వాడేసింది ఎక్కడ పారేయాలి?

ప్రశ్న (పటమట, విజయవాడ)
మాది ఆటోనగర్ దగ్గర 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సెక్రటరీగిరీ ఈ ఏడాది నా మెడకు చుట్టుకుంది. తాగడానికి మున్సిపల్ నీళ్లున్నా స్నానాలకీ గిన్నెలకీ బోరే దిక్కు, రోజుకి 12 వేల లీటర్లు. వేసవి నుంచి ఒకటే కిరోసిన్ వాసన. ఫిల్టర్లో వాసనా రసాయనాలూ పీల్చుకునే కార్బన్ 50 కిలోలు మార్పించి పట్టుమని మూడు వారాలు కాలేదు, వాసన మళ్లీ మొదలు. బొగ్గు కార్బన్ కిలో 85, కొబ్బరి చిప్పది 150 అంటున్నాడు సప్లయర్. మీటింగులో అందరూ చౌకదే అన్నారు. నా బాధ వేరు. పాత కార్బన్‌ని బందరు కాలువ గట్టున కుమ్మరించి పోయారట, వాచ్‌మన్ చెప్పాడు. వెళ్లి చూస్తే నిజమే. నల్లటి కుప్ప, పక్కనే ఒకావిడ బట్టలు ఉతుకుతోంది. బోర్లో విషం తీసి కాలువలో కలపడానికా ఈ ఖర్చంతా?

జవాబు (గుంటూరు, వాటర్ ప్లాంట్ల మెయింటెనెన్స్)
ధర సంగతి తర్వాత సార్. మోటారు గంటకి ఎన్ని లీటర్లు తోస్తోంది?

పటమట: 2000 దాకా.

గుంటూరు: అదీ విషయం! 50 కిలోలంటే దాదాపు 100 లీటర్ల చోటు. ఆ స్పీడుకి నీళ్లు కార్బన్‌లో ఉండేది మూడు నిమిషాలే, పదన్నా ఉండాలి. బోరు నీళ్లు సంపులోకి వదిలి, చిన్న మోటారుతో గంటకి 600 చొప్పున ఫిల్టర్ గుండా పైకి ఎక్కించండి. 20 గంటల్లో మీ 12 వేలూ ఎక్కేస్తాయి. ఇప్పుడు మీరు సగం కూడా వాడకుండానే పారేస్తున్నారు. కుదిరితే రెండో కార్బన్ ట్యాంకు వరసలో పెట్టి, మధ్యలో శాంపిల్ కుళాయి పెట్టించండి. మొదటిది పూర్తిగా అయిపోయాకే మార్చొచ్చు. సరుకు మాత్రం కొబ్బరి చిప్పదే తీసుకోండి, సన్న రంధ్రాలు ఎక్కువ. ఇంకోటి, సంపులోకి మనిషిని దించకండి, ఆవిరితో ప్రమాదం.

జవాబు (సత్యనారాయణపురం, రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్)
ముక్కుని నమ్మకండి బాబూ. పెట్రోలులాంటి వాటిలో ఉండే విష రసాయనం బెంజీన్, నీళ్లలో లీటరుకి 0.01 మిల్లీగ్రాము మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వాసన తెలిసేది దానికి ఎన్నో రెట్లు దాటాకే. రెండు ట్యాంకుల మధ్య పెట్టే శాంపిల్ కుళాయి నీళ్లే ల్యాబ్‌కి పంపండి. వాడిన కార్బన్‌ని 800 డిగ్రీలు దాటిన కొలిమిలో కాలిస్తే మళ్లీ పనికొస్తుంది, పదో వంతు దాకా తరుగు పోతుంది. 50 కిలోల కోసం ఎవరూ బండి పంపరు కాబట్టి, వెనక్కి తీసుకునే షరతు కొటేషన్‌లోనే రాయించుకోండి. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు కూడా పెట్టండి. ఎక్కడో భూమిలో ఇంధనం ట్యాంకు కారుతుంటే మీరు ఎన్ని కిలోలు కొన్నా చాలవు.

పటమట: కిలో 165 ఇస్తే పాతది పట్టుకుపోతానని సప్లయర్ రాసిచ్చాడు. చిన్న మోటారు ఆదివారం బిగిస్తారు. గట్టు మీద కుప్ప ఎత్తించాను. నాలుగు గోతాలయ్యాయి, మా స్కూటర్ల పార్కింగ్‌లో టార్పాలిన్ కింద ఉన్నాయి. ఆ కూలి ఏ ఖాతాలో రాయాలని ట్రెజరర్ గారు పొద్దుటి నుంచి అడుగుతున్నారు.